ముందు తడవనీ

పాసైపోయాను. బీకాం పాసైపోయాను, ఆగిపోయిన ఆ ఒక్క పేపరుతో సహా. అమ్మ తరఫున గానీ నాన్న తరఫున గానీ, ఇటు దీవుల్లో ఉన్నోళ్ళు గానీ, అటు శ్రీకాకుళం ఒడ్డున ఉన్నోళ్ళు గానీ, మావాళ్ళెవరూ ఇప్పటిదాకా కాలేజీ లోపలికెళ్ళలేదు. నేను వెళ్ళాను. కిందపడ్డాను, లేచాను, పాసయ్యాను. ఈ మాట ఎన్నిసార్లు రాసినా తనివి తీరట్లేదు, అందుకే ఇంకోసారి: పాసైపోయాను.

రిజల్టు చూసింది పోర్ట్ బ్లెయిర్‌లో, హాడోలో ఓడలాగే వార్ఫు గేటుకి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర. ఆ పేజీ గుండ్రంగా తిరిగి తిరిగి, నా టీ చల్లారిపోయాక తెరుచుకుంది. నా నంబరు, నా పేరు, పక్కన పాస్. స్క్రీన్‌షాట్ తీశానో లేదో నెట్‌వర్క్ పోయింది. మా దీవుల సంగతి తెలిసిందే కదా. చేతిలో ఇంత పెద్ద కబురుంది, చెప్పడానికి సిగ్నల్ లేదు. ఆగలేక టీ బండి భయ్యాకి చెప్పేశాను. "అచ్ఛా, బధాయి హో" అని ఇంకో టీ ఇచ్చి, అందులో పంచదార ఎక్కువేశాడు. అంతే. పక్కన నిలబడ్డవాళ్ళు ఓడ టైము గురించి మాట్లాడుకుంటున్నారు. అంత సంతోషంలో కూడా అంత ఒంటరిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అప్పుడు చూశాను. రోడ్డుకి అవతల, గవర్నమెంటు క్వార్టర్స్ ముందు, ఒకతను కారు తుడుస్తున్నాడు. కారు నిండా దుమ్ము. చేతిలో పొడిబట్ట. బోనెట్ మీద గుండ్రంగా, గట్టిగా, పళ్ళెం తోమినట్టు తోముతున్నాడు. ఎప్పుడు రోడ్డు దాటానో తెలీదు, అతని పక్కన నిలబడి, "భయ్యా, రుకో. పెహ్లే పానీ డాలో" అంటున్నాను. ముందు నీళ్ళు పొయ్యమని.

అతను బట్ట పట్టుకుని నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "ఆప్‌కీ గాడీ హై క్యా, దీదీ?" అన్నాడు. నీ బండా అని. కాదన్నాను. మళ్ళీ తోముకోవడం మొదలెట్టాడు.

వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చున్నాక గానీ అర్థం కాలేదు, ఆ మాట నాది కాదని. అది మావ మాట. పోయిన వానాకాలంలో పోయాడు మావ. ఈ కబురు ముందుగా చెప్పాల్సిన మనిషి ఆయనే. సిగ్నల్ వచ్చేదాకా ఆయన గురించి రాస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే గానీ మాట్లాడినట్టే రాయడం వచ్చు నాకు, సర్దుకోండి.

మావ మాకు చుట్టం కాదు. నాన్న "బావా" అని పిలుస్తాడు కాబట్టి నాకు మావ. వండూర్‌లో మా ఇంటి వెనక రేకుల గదిలో ఒక్కడే ఉండేవాడు. మా వాడంతా చేపలవాళ్ళం. ఏ ఇంటి ముందు చూసినా వలలు ఆరుతుంటాయి. మావ గది ముందు మాత్రం బట్టలు ఆరేవి, కారు తుడిచే బట్టలు. ఆయన ఒంటి బట్టలు కిటికీ ఊచలకి ఎక్కడో వేలాడేవి గానీ, కారు బట్టలకి మాత్రం ఎండ తగిలే తీగ, క్లిప్పులు, అన్నీ ఉండేవి.

టూరిస్టు టాక్సీ ఆయనది. ముదురు నీలం కారు. సముద్రం పక్కన, ఉప్పుగాలిలో, ఇసకలో తిరిగే బండికి ఆ రంగెందుకు కొన్నావని అడగని మనిషి లేడు. "తెల్లదయితే మురికి కనపడుద్ది, నీలమయితే గీత కనపడుద్ది. మురికి కడిగితే పోద్ది కదా, మరి గీతో?" అనేవాడు. అది తెల్లకారు కొనుక్కోవడానికి కారణం కదా మావా అంటే, నవ్వి ఊరుకునేవాడు.

రోజూ సాయంత్రం టూరిస్టు బోట్ల జెట్టీ నుంచి రాగానే కడిగేవాడు కాదు. బండి రేకుల నీడలో పెట్టి, చెయ్యి తిరగేసి వేళ్ళ వెనక వైపు బోనెట్‌కి ఆనించేవాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. వేడి తగ్గేదాకా నీళ్ళు ముట్టనిచ్చేవాడు కాదు. ఆలోపల తను తయారయ్యేవాడు. చొక్కా విప్పేవాడు, గుండీలు రాసుకుంటాయని. వాచీ తీసేవాడు. వేలి ఉంగరం తీసి కిటికీలో ఉన్న కొబ్బరిచిప్పలో వేసేవాడు. లుంగీ ఎగ్గట్టి, కొస బొడ్లో గట్టిగా దోపి, అప్పుడు నీళ్ళ దగ్గరికెళ్ళేవాడు.

నీళ్ళంటే మాకు తెలిసిందే. కుళాయి ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్లమచ్చలు. అందుకని మావ రేకుల అంచుకి గొట్టం కట్టి, వాననీళ్ళు నీలం డ్రమ్ముల్లో పట్టుకునేవాడు. మూతలు పెట్టి, మూతల మీద రాళ్ళు పెట్టేవాడు. ఎండాకాలం మా అమ్మకి ఆ డ్రమ్ములు చూస్తే ఒళ్ళు మండేది. "మాకు పప్పు ఉడకబెట్టడానికి నీల్లు లేవు, ఈడు బండికి తలంట్లు పోత్తన్నాడు" అనేది. అడిగితే ఇచ్చేవాడు, బిందె నింపి తనే మోసుకొచ్చి గుమ్మంలో పెట్టేవాడు. అయినా అమ్మ తిట్టడం మానలేదు, ఆయన నింపడం మానలేదు.

ముందు ఉత్త నీళ్ళు. సబ్బు లేదు, బట్ట లేదు, చెయ్యి తగలదు. పైకప్పు నుంచి మొదలెట్టి, మగ్గుతో మెల్లగా జారనిచ్చేవాడు. చక్రాల పైన ఉండే గూళ్ళలోకి, తలుపుల కింద సందుల్లోకి, బండి అడుక్కి. ఇసక, ఉప్పు, ఎండిపోయిన బురద, అన్నీ కిందకి కారి నేల మీద పాయలుగా వెళ్ళిపోయేవి. నాకు చూస్తుంటే విసుగొచ్చేది. గబగబా తుడిచేస్తే అయిపోదా అనేదాన్ని.

"తడవనీ బుల్లీ. తడిసినాక అదే దిగుద్ది. పొడి మీద రుద్దితే ఆ ఇసకే గీసేత్తాది."

ఇదీ ఆయన మాట. ముందు తడవనీ. కారుకే కాదు, అన్నింటికీ అదే వాడేవాడు. నాన్న తాగొచ్చి అమ్మ మీద అరుస్తుంటే మావ వచ్చి మధ్యలో కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. నాన్న అరిచి అరిచి అలిసిపోయాక ఏదో చిన్నమాట అనేవాడు, నాన్న మెత్తబడేవాడు. ఎలా మావా అంటే, "తడవనిచ్చినాను" అనేవాడు.

ఉత్త నీళ్ళయ్యాక రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ నురగ, ఒకదాంట్లో మామూలు నీళ్ళు. బట్ట నురగలో ముంచి, పైనుంచి కిందకి, తిన్నగా ఒక్కసారి లాగి, మళ్ళీ నురగలో పెట్టే ముందు రెండో బకెట్లో జాడించేవాడు. ఆ బకెట్ అడుగున చేపల బుట్ట మూత ఒకటి బోర్లించేవాడు, రాలిన ఇసక దాని కిందకి దిగిపోయి మళ్ళీ బట్టకి అంటకుండా. బట్టల్లో కూడా మళ్ళీ తేడాలు. పైకప్పుకీ బోనెట్‌కీ మెత్తవి, తలుపుల కిందకి వేరే, చక్రాలకి ఇంకా వేరే. మెత్తబట్ట పొరపాటున నేల మీద పడిందా, అది ఇంక బండి పైకెళ్ళదు, చక్రాలకి దిగిపోవాల్సిందే. "దీనికి ట్రాన్స్‌ఫర్ అయిపోనాది" అనేవాడు, గవర్నమెంటు ఆఫీసరులా.

నాన్న వేట నుంచి వస్తూ అటుగా ఆగేవాడు. "బావా, పెళ్ళికూతురికి తానం అయినాదేటి?"

"నీల్లే పోత్తన్నాను బావా. నలుగింకా ఎట్టలేదు."

"తొరగా కానీ, ముహూర్తం ఎల్లిపోద్ది."

"ముహూర్తం ఎల్లిపోయి సానా ఏళ్ళయినాది లే" అనేవాడు మావ, బట్ట జాడిస్తూ. ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో మావ నవ్వు ముందు ఆగిపోయేది.

ఆయన పెళ్ళి సంగతి మాకు తెలిసింది ఒక్క ముక్కే. వైజాగ్‌లో ఓడెక్కేటప్పుడు భార్య రేవు దాకా వచ్చిందట. సామాను ఎక్కించిందట. తను ఎక్కలేదట. తర్వాతి ఓడకి వస్తానందట. ఎన్నేళ్ళ కిందటి మాటో మా వాడలో ఎవరికీ తెలీదు, అడిగినవాళ్ళూ లేరు. కానీ వైజాగ్ ఓడ హాడోకి వస్తుందంటే ముందురోజు సాయంత్రం మావ బండి కడిగే పద్ధతే వేరు. డ్రమ్ములో నీళ్ళు అడుగంటినా సరే. తెల్లారి హాడో వెళ్ళి, వార్ఫు గేటు బయట బండి పెట్టి, పక్కన నిలబడేవాడు. బేరం కోసం అనేవాడు. ఒకసారి నేనూ ఉన్నాను. జనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని దిగారు. ఇద్దరు ముగ్గురు వచ్చి బండి ఖాళీయేనా అని అడిగారు. బుకింగ్ ఉంది అన్నాడు. జనమంతా వెళ్ళిపోయాక, గేటు దగ్గర పోర్టర్లు కూడా చెదిరిపోయాక, "ఎక్కు బుల్లీ, కాలేజీకి టైమైపోద్ది" అన్నాడు.

అవును, నన్ను కాలేజీకి తీసుకెళ్ళేది మావే. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రిసార్టు ఉంది, వాళ్ళ గెస్టుల్ని పొద్దున్నే ఎక్కించుకుని వండూర్ జెట్టీకి తీసుకురావడం ఆయన పని. ఇక్కణ్ణుంచి ఖాళీగా వెళ్ళాలి కాబట్టి నన్ను ఎక్కించుకునేవాడు. ఎక్కే ముందు కాళ్ళు కడుక్కోవాలి, చెప్పులు దులపాలి. బ్యాగు జిప్పు బండికి తగలకూడదు. తలుపుకి ఆనుకుని నిలబడకూడదు. టూరిస్టుల పిల్లలు దుమ్ము పట్టిన డిక్కీ మీద వేలితో పేర్లు రాయబోతే మావ పరుగు చూడాలి. కోప్పడలేడు, గెస్టులు కదా. "బేటా, హాత్ నహీ, హాత్ నహీ" అంటూ, ఏడుపుకీ నవ్వుకీ మధ్య మొహం పెట్టుకుని.

ఆ రిసార్టువాళ్ళు బండి మెరుపు చూసే మావని పెట్టుకున్నారు. పోర్టికోలో నిలబడితే అద్దంలా ఉండాలి, గెస్టులు దాని ముందు ఫోటోలు దిగేవారు. ఆ ఒక్క పని ఉంది కాబట్టే మావకి సీజన్‌లో పూట గడవని దిగులు ఉండేది కాదు.

అలాంటిది ఒకసారి మావకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. బండి రేకుల నీడలోనే ఉంది. అప్పుడే గంగమ్మ పండగొచ్చింది.

మా చేపలవాళ్ళకి గంగమ్మ పండగంటే పడవల పండగ. డింగీలన్నీ ఒడ్డుకి లాగి బోర్లిస్తారు. అడుగున పట్టిన పాచి, అంటుకున్న గుల్లలు పోయేలాగ ఇసక, కొబ్బరిపీచు పెట్టి బలంగా రుద్దుతారు. ఎంత రుద్దితే అంత భక్తి. తర్వాత పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కడతారు. ఆ రోజు మురికిగా ఉన్న పడవ వేటలో కలిసిరాదంటారు.

నాన్నకి ఆలోచన వచ్చింది. బావకి పడవ లేదు, ఆ కారే పడవ. బావ ఆసుపత్రిలో ఉన్నాడు. అందరి పడవలూ పసుపు బొట్లతో ఉంటే బావ పడవ ఒక్కటీ అలా పడుండాలా. మనం లేమా.

నేను ఆ రోజు మావకి గంజి పట్టుకుని ఆసుపత్రికెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అంతా అయిపోయింది. డ్రమ్ముల్లో మంచినీళ్ళు మావవి, ఆయన లేనప్పుడు వాడటం తప్పని, సముద్రం నీళ్ళు డబ్బాలతో మోసుకొచ్చారట. ఇసక తెచ్చారట. కొబ్బరిపీచు పెట్టి, వాడలో మగాళ్ళంతా చుట్టూ చేరి, హైలెస్సా పాడుతూ రుద్దారట. మా అమ్మ, ఎప్పుడూ మావని తిట్టే మా అమ్మ, దాచుకున్న సర్ఫు పొడి అంతా ఇచ్చేసింది. బోనెట్ మీద పసుపు, నాలుగు బొట్లు, ముందు వేపమండ, చక్రాల కింద నిమ్మకాయలు.

నాన్న నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాడు. మొహం వెలిగిపోతోంది. పసుపు లేని చోట రంగు చూశాను. నీలం మీద సన్నటి బూడిద పొగలాగ ఉంది. పక్కకి వంగి వెలుగులో చూస్తే గుండ్రాలు, గుండ్రాల మీద గుండ్రాలు, ఎక్కడా ఖాళీ లేకుండా. "ఎలగున్నాది?" అన్నాడు నాన్న. ఆయన చేతుల్లో పీచు రాసుకుని చర్మం లేచిపోయి ఉంది. బాగుంది నాన్నా అన్నాను.

మావ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వాడంతా బండి చుట్టూ నిలబడ్డారు, మెచ్చుకుంటాడని. మావ సన్నగా అయిపోయాడు, నాన్న భుజం పట్టుకుని ఆటో దిగాడు. బండిని చూశాడు. భుజం వదిలేసి చుట్టూ ఒకసారి నడిచాడు. బోనెట్ మీద చెయ్యి తిరగేసి ఆనించాడు.

"పైన కూడా రుద్దినారేటి బావా?"

"ఇద్దరెక్కి రుద్దినారు బావా" అన్నాడు నాన్న. "మూలమూలా."

మావ అందరి వైపూ చూశాడు. "గంగమ్మకి కూడా ఇంత సేవ సెయ్యలేదురా మీరు" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు, ఎవరో ఈల వేశారు. అమ్మ టీ తెచ్చింది. మావ మెట్టు మీద కూర్చుని టీ తాగాడు.

అందరూ వెళ్ళిపోయాక డ్రమ్ము మూత తీశాడు. జ్వరంలో నీళ్ళేంటని అమ్మ అరుస్తుంటే, ఒళ్ళు కాలిపోతోంది, కాసేపు నీళ్ళలో ఆడుకుంటానన్నాడు. బండి అడుగు నుంచి, సందుల్లోంచి, ఆ ఉప్పునీళ్ళన్నీ పోయేదాకా మంచినీళ్ళు పోశాడు. మొదటి డ్రమ్ము అయిపోయింది, రెండోది తెరిచాడు.

ఏదో ముద్ద కొనుక్కొచ్చి రుద్ది పాలిష్ పెట్టాడు. పైపైవి కొన్ని పోయాయి, లోపలివి పోలేదు. తర్వాత రిసార్టుకి వెళ్ళిన రోజు నేను ముందు సీట్లో ఉన్నాను. మేనేజరు పోర్టికోలోంచి దిగి, తల పక్కకి వంచి చూసి, ఇదేంటి అని అడిగాడు. చిడియా టాపు రోడ్డులో కొమ్మలు రాసుకున్నాయి సాబ్, నాదే అజాగ్రత్త, అన్నాడు మావ. బండంతా ఒక్కలాగే గీసిన కొమ్మలేంటో ఆ మేనేజరుకి అర్థమైనట్టు లేదు. రంగు వేయించుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు. అప్పటికే ఇంకెవరిదో బండి, తెల్లది, వెనక వచ్చి నిలబడింది. బండి మొత్తానికి రంగు వేయించే స్తోమత మావకి లేదని ఆ మేనేజరుకీ తెలుసు, నాకూ తెలుసు.

కాలేజీ దగ్గర నేను దిగుతుంటే అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. "ఈ మాట మీ నాన్న సెవిన ఎయ్యకే బుల్లీ. ఎప్పుడూ."

ఎందుకని అడగలేదు. నాన్న చేతులు చూశాను కదా నేను.

అప్పట్నుంచి మావ వండూర్ జెట్టీ స్టాండ్‌లో నిలబడేవాడు, ఎవరైనా దిగి టాక్సీ అడుగుతారేమోనని. అందరికీ ముందే బుకింగ్‌లు ఉంటాయి. ఆయన బండి పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కడే, బోట్లు వెళ్ళడం, రావడం చూస్తుండేవాడు. నాన్న అటుగా వెళ్తూ, "ఏటి బావా, రాజాలాగ కూకున్నావు" అని వెక్కిరించేవాడు. "ఓటల్లో ఏసీ గాలి పడ్డంలేదు బావా, ఇక్కడ గాలి బావుంది" అనేవాడు మావ. నేను పక్కనుంటే నా వైపు చూసేవాడు కాదు.

ఆ తర్వాతే నేను ఫెయిలయ్యాను. కాస్ట్ అకౌంట్స్. మావ దాన్ని "కాస్టకౌంటు" అనేవాడు, ఎవరో గిట్టని మనిషి పేరులాగ. మా ఇంట్లో ఎవరికీ నా పేపర్ల పేర్లు తెలీవు. ఆయన ఒక్కడికే తెలుసు. రిసార్టు పని పోయినా నన్ను కాలేజీకి దించడం మావ మానలేదు. ఫోన్లో రిజల్టు చూసింది ఆ బండిలోనే, దారిలో తుష్నాబాద్ దగ్గర. ఏడుపు తన్నుకొచ్చింది. మావ వక్కతోటల పక్కన బండి ఆపి, ఇంజను ఆపేసి, దిగి అవతలికెళ్ళి నిలబడ్డాడు, నాకు వీపు పెట్టి. నేను చున్నీతో మొహం గట్టిగా తుడుచుకుంటుంటే కిటికీలోంచి మెల్లగా అన్నాడు. "రుద్దకే. తడవనీ."

సాయంత్రం ఇంట్లో చెప్పేశాను, ఇంక చదవనని. అమ్మకి పెద్ద తేడా తెలియలేదు. చేపల ఫ్యాక్టరీలో పని ఉందంట కనుక్కుంటానంది. నేను వెళ్ళి మావ గది ముందు కూర్చున్నాను. కారు కడుగుతున్నాడు. అంతా పాడైపోయిన ఆ కారుని, అవే రెండు బకెట్లతో, అదే మెత్తబట్టతో. ఉంగరం కొబ్బరిచిప్పలో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంక దేనికి మావా ఈ జాగ్రత్తంతా, ఎలాగూ నాశనం అయిపోయింది కదా అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

మావ బట్ట జాడించి, పిండి, నురగలో ముంచాడు.

"పడ్డయ్యేవో పడ్డాయి. అలగని రేపట్నించి ఇసకెట్టి రుద్దమంతావేటి?"

తలుపు మీదుగా బట్ట తిన్నగా కిందకి లాగాడు.

"పొద్దున్న బస్సుకెల్తావా, నా బండికొత్తావా? సెప్పు, లేపాల."

ఆయన బండికే వెళ్ళాను. పోర్ట్ బ్లెయిర్‌లో బేరాలు చూసుకోవాలి అనేవాడు. కొన్నాళ్ళకి తెలిసింది, నన్ను దించేసి ఖాళీగా వెనక్కొచ్చేసేవాడని. అడిగితే ఒప్పుకునేవాడు కాదు. అందుకని నేను అడగడం మానేసి చదవడం మొదలెట్టాను.

ఆ పేపరు మళ్ళీ రాసే వేళకి మావ లేడు. వానల్లో గుండె పట్టేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నాన్నే, ఎవరిదో జీపులో. మావ బండి నడపడం మా వాడలో ఎవరికీ రాదు.

అటొడ్డు నుంచి ఆయన అన్న కొడుకు ఓడ మీద వచ్చాడు. మంచి కుర్రాడే. ఉంగరం తీసుకున్నాడు. బండిని తుష్నాబాద్‌లో ఉండే ఒక డ్రైవర్ భయ్యాకి అమ్మేశాడు, మావ ఫోన్ నంబరుతో సహా. వెనక అద్దం మీద అదే నంబరు రాసుంది కదా, పాత గెస్టులెవరైనా చేస్తారని.

బండి తీసుకెళ్ళే రోజు పొద్దున్నే నాన్న వచ్చాడు. చేతిలో కొబ్బరిపీచు. వెనక ఇంకో నలుగురు, ఇసక బకెట్‌తో. బావ పడవ మురికిగా వెళ్ళకూడదు, ఆఖరిసారి మనమే కడగాలి అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను బండికి అడ్డం నిలబడ్డాను. నేను కడుగుతాను నాన్నా అన్నాను. ఎందుకు అన్నాడు. మావ నాకు చెప్పాడు, బండి నువ్వే కడగాలని, అన్నాను. అది అబద్ధం. నాన్న పీచు కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

గాజులు తీసి కొబ్బరిచిప్పలో వేశాను. డ్రమ్ము మూత తీశాను. పైనుంచి నీళ్ళు పోశాను, ఉత్త నీళ్ళు, మెల్లగా. నాన్న చాలాసేపు ఓర్చుకున్నాడు. "అలగ సెయ్యి తగలకుండా పోత్తే మురికెలగ పోద్దే?" అన్నాడు ఆఖరికి.

"తడవనీ నాన్నా."

ఆ మాట వినగానే నాన్న తల దించుకున్నాడు. నేను రెండు బకెట్లూ పెట్టి, మావ కడిగినట్టే కడిగాను. తడిబట్ట పరిచి, రుద్దకుండా, మెల్లగా లాగి నీళ్ళు తీశాను. అప్పటికి మబ్బు విడి ఎండ ఏటవాలుగా వచ్చింది. నాన్న లేచి దగ్గరికొచ్చాడు. వంగాడు. బోనెట్ మీద వేలు పెట్టాడు.

"ఇయ్యేటే, ఇన్ని గీతలు?"

నీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడిపోయాను. మావ ఇన్నాళ్ళూ మోసిందంతా ఆ క్షణంలో నా చేతుల్లో ఉంది.

"కొమ్మలు నాన్నా" అన్నాను. "చిడియా టాపు రోడ్డులో."

నాన్న ఆ గీతల్ని చేత్తో నిమిరాడు, ఒకదాని వెంట ఒకటి. "మేం అంత రుద్దినా పోలేదు సూడు" అన్నాడు.

ఇదంతా నాన్న చదవడు, ఆయనకి చదువు రాదు. చదివి వినిపించేది నేనే. ఇక్కడికొచ్చాక ఏ ముక్క వదిలేయాలో నాకు తెలుసు.

రోడ్డుకి అవతల ఆ భయ్యా తోమడం అయిపోయింది, బట్ట దులుపుకుని లోపలికెళ్ళిపోయాడు. సిగ్నల్ వచ్చింది. ఫోన్లు చెయ్యాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అమ్మకి. ముందు ఏడుస్తుంది, తర్వాత అన్నం తిన్నావా అంటుంది.

నాన్నకి. వేటలో ఉన్నాడు, పడవ ఒడ్డుకి దగ్గరపడ్డాక గానీ తగలదు. బావ ఉంటే ఎంత సంబరపడేవాడో, ఆడి బండి ఓసారి మేమే కడిగినాం కదే, అంటాడు. అవును నాన్నా అంటాను.

శ్రీకాకుళంలో నాయనమ్మకి, పక్కింటోళ్ళ ఫోనుకి. గట్టిగా అరిచి చెప్పాలి.

కాస్ట్ అకౌంట్స్ మేడమ్‌కి.

నాతోపాటు ఆ పేపరు మళ్ళీ రాసిన దీదీకి. తనది ఏమైందో ముందు అడిగి, అప్పుడు నాది చెప్పాలి.

ఆఖరికి, మావ నంబరుకి. తుష్నాబాద్ భయ్యా ఎత్తుతాడు. బండి ఖాళీయేనా అని అడగాలి. హాడో వార్ఫు గేటు బయట నిలబడి ఉంటాను, వండూర్ దాకా, ఒక్కదాన్నే అని చెప్పాలి. కాళ్ళు కడుక్కునే ఎక్కుతానని కూడా.